బెంజ్ సర్కిల్ నుంచి మిర్చి యార్డు దాకా

శుక్రవారం

మెర్సిడెస్ బెంజ్ చరిత్ర చూడాలనుకునేవాళ్ళు జర్మనీలోని స్టుట్‌గార్ట్ మ్యూజియానికి వెళ్తారు. నేను విజయవాడ రైలెక్కాను. మనవైపు ఈ పేరు జనం నోట్లో నానింది ముందు లారీలతో. కార్లు వచ్చింది చాలా ఏళ్ళ తర్వాత. ఆ లారీల ఊరు విజయవాడ. పైగా మా మావయ్య ఇక్కడే ఉంటాడు. పద్నాలుగేళ్ళ వయసులో బెంజి లారీ మీద క్లీనరుగా ఎక్కి, తర్వాత డ్రైవరై, ఆఖరికి ఆటోనగర్‌లో సొంతంగా బాడీ బిల్డింగ్ షెడ్డు పెట్టుకున్న మనిషి. ఆయన ఓపికగా ఉన్నప్పుడే ఆ సంగతులన్నీ వినాలని నా కోరిక.

స్టేషన్ బయట ఆటోవాళ్ళు "బెంజ్ సర్కిల్, పటమట, ఆటోనగర్" అని పిలుస్తున్నారు. కారు కనిపెట్టిన మనిషి ఇంటిపేరు రోజూ ఇన్నిసార్లు వీధిలో వినిపించే ఊరు ఇంకోటి ఉంటుందా అనుకుంటూ ఎక్కి కూర్చున్నాను.

చెన్నై కోల్‌కతా హైవే, హైదరాబాద్ మీదుగా బందరు వెళ్ళే రోడ్డు కలిసేది బెంజ్ సర్కిల్ దగ్గరే. ఇప్పుడు అటూ ఇటూ ఫ్లైఓవర్లు వచ్చాక లారీలు పైనుంచి వెళ్ళిపోతున్నాయి. కింద బస్సులు, ఆటోలు, బైకుల రద్దీ మాత్రం తగ్గలేదు. ఒకప్పుడు ఇక్కడ బెంజి లారీలు అమ్మే షోరూం ఉండేదని, ఆ గుర్తుతో పిలిచిన పేరే నిలిచిపోయిందని పాతవాళ్ళు చెబుతారు. మావయ్య కూడా అదే మాట అన్నాడు.

సాయంత్రం అత్తయ్య పెట్టిన మినప సున్నుండలు తింటూ వరండాలో కూర్చున్నాం. "అసలు ఆ బెంజి అనే ఆయన ఎవరమ్మా, లారీలు చేసేవాడా?" అని అడిగాడు మావయ్య. యాభై ఏళ్ళు ఆ పేరుతో బతికిన మనిషికి ఆ కథ నేను చెప్పే అవకాశం వచ్చినందుకు నాకు చాలా సంతోషమనిపించింది.

కార్ల్ బెంజ్ మన్‌హైమ్‌లో చిన్న వర్క్‌షాపు నడిపిన ఇంజనీరు. తండ్రి రైలింజను డ్రైవరు, బెంజ్ పసివాడుగా ఉన్నప్పుడే చనిపోయాడు. 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఒకే సిలిండరు, లీటరు కంటే కాస్త తక్కువ సైజు, ఒక్క గుర్రం బలం కూడా లేని ఇంజను. అదే ఏడాది అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో కాన్‌స్టాట్‌లో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి గుర్రబ్బండికి ఇంజను బిగించి నాలుగు చక్రాల మీద నడిపారు. ఇద్దరిదీ ఒకే పని, రెండు వేరు వేరు షెడ్లు. ఆ రెండు కంపెనీలూ 1926 జూన్‌లో కలిసిపోయి డైమ్లర్ బెంజ్ అయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బుకి విలువ పోయి, కార్లు కొనేవాళ్ళు లేక, కలవకపోతే రెండూ మునిగిపోయే పరిస్థితి. డైమ్లర్ వాళ్ళ మూడు మొనల నక్షత్రం, బెంజ్ వాళ్ళ ఆకుల దండ ఒకే బిళ్ళ మీదికి వచ్చాయి.

"మరి మెర్సిడెస్?" అన్నాడు. అది ఎమిల్ జెల్లినెక్ అనే వ్యాపారి కూతురి పేరు. ఫ్రాన్సులో నీస్ ఊళ్ళో డబ్బున్నవాళ్ళకి డైమ్లర్ కార్లు అమ్మేవాడాయన. ఇంకా వేగం కావాలి, బరువు కిందికి దిగాలి, ఇంజను ముందుండాలి అని కంపెనీని వదలకుండా పోరి, 1900లో కొత్త కారు చేయించుకుని దానికి కూతురి పేరు పెట్టాడు. 35 గుర్రాల బలమున్న ఆ కారు 1901 మార్చిలో నీస్ పందేల్లో అందరినీ దాటేసింది. మేబాక్ దానికి తేనెపట్టులాంటి గళ్ళ రేడియేటరు పెట్టాడు. నీళ్ళు తక్కువ, చల్లదనం ఎక్కువ. ఆ రేడియేటరు సంగతి విన్నాక మావయ్య ముందుకు జరిగి కూర్చున్నాడు. మేలో తుని ఘాట్ల మీద నీళ్ళు మరిగి బండి పక్కకి ఆపిన రోజులు ఆయనకి గుర్తున్నాయి మరి.

శనివారం

పొద్దున్నే ఆటోనగర్. జవహర్ ఆటోనగర్ ఆసియాలోనే పెద్ద ఆటో వాడల్లో ఒకటని పేరు. లోపలికి అడుగుపెట్టగానే వెల్డింగ్ మెరుపులు, గ్రైండర్ల రొద, కొత్త పెయింటు వాసన. ఒక వరసంతా కమాను కట్టలు కొట్టేవాళ్ళు, ఇంకో వరసంతా రేడియేటర్లు, తర్వాతది లేతు మిషన్లు, ఆ పక్కన డీజిల్ పంపులూ నాజిళ్ళూ. లారీలో ఏ భాగం పాడైనా దానికంటూ ఒక వీధి ఉంటుంది.

టాటా వాళ్ళ టెల్కో, డైమ్లర్ బెంజ్ ఒప్పందం కుదిరింది 1954లో. జంషెడ్‌పూర్‌లో అదే ఏడాది మొదటి లారీ బయటికొచ్చింది. ముందు భాగంలో టాటా పేరు, దానితోపాటు మూడు మొనల నక్షత్రం. ఒప్పందం 15 ఏళ్ళు, అంటే 1969 దాకా. ఆ తర్వాత నక్షత్రం పోయి టాటా వాళ్ళ సొంత గుర్తు వచ్చింది. కానీ జనం చాలాకాలం ఆ బళ్ళని బెంజి లారీలనే అన్నారు. మావయ్య ఇప్పటికీ అంటాడు.

అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఉత్త ఛాసిస్. ఇంజను, చక్రాలు, స్టీరింగు, అంతే. డ్రైవరు దాని మీద ఒక చెక్క పెట్టె వేసుకుని కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, జంషెడ్‌పూర్ నుంచి ఎండలో వానలో నడుపుకుంటూ వచ్చేవాడు. ఇక్కడ మేస్త్రీలు చెక్కతో క్యాబిన్ కట్టి, తొట్టి బిగించి, రంగులేసి, వెనక పేర్లు రాసి ఇస్తేనే అది లారీ అయ్యేది. యూరప్‌లో కూడా ఖరీదైన కార్ల సంగతి అంతే. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా గొప్ప కంపెనీలు చాలావరకు ఛాసిస్ అమ్మితే, బాడీ కట్టే షాపులు కొనేవాడి ఇష్టప్రకారం మిగతాది తయారు చేసేవి. రాజుల కార్లకి ఏ పద్ధతి ఉండేదో మిర్చి బస్తాలు మోసే లారీకీ అదే పద్ధతి. ఆ కార్ల బాడీ కట్టినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆటోనగర్ మేస్త్రీల పేర్లు కూడా ఎవరైనా రాసిపెడితే బాగుండు అని అక్కడ నిలబడ్డంతసేపూ అనిపించింది.

ఇప్పుడు చాలా లారీలు క్యాబిన్‌తో సహా ఫ్యాక్టరీ నుంచే వస్తున్నాయి. షెడ్లకి తొట్టి పని, రిపేర్లు మిగిలాయి. మావయ్య పాత షెడ్డు ఇప్పుడు ఆయన శిష్యుడు నడుపుతున్నాడు. ఆయనకీ అరవై దాటాయి.

"మేస్త్రి గారూ, బెంజి బండికి అంత పేరెందుకు వచ్చిందండీ?" అని అడిగాను.

ఆయన చేతులు తుడుచుకుని కాసేపు ఆలోచించాడు. "విప్పితే మళ్ళీ బిగించుకోవచ్చమ్మా. రోడ్డు మీద ఆగినా రెండు పానాలు, ఒక సుత్తి ఉంటే ఎలాగో ఊరు చేరేది. ఎక్కడ విప్పాలో, ఎక్కడ పట్టుకోవాలో వాళ్ళు ముందే ఆలోచించి పెట్టారు. ఇంజను దించితే లోపల పని ఎంత శుభ్రంగా ఉండేదనుకున్నారు!"

ఈ మాట కోసమే నేను వచ్చింది. ఈ కంపెనీ పేరు వెనక మెరుగు కంటే ముందు ఉన్నది ఈ గుణమేనని నా నమ్మకం. దానికి అన్నిటికంటే పాత సాక్ష్యం బెర్తా బెంజ్. మధ్యాహ్నం షెడ్డులో అందరూ క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఆ కథ చెప్పాను.

1888 ఆగస్టు. బండి తయారై రెండేళ్ళయినా కొనేవాళ్ళు లేరు. ఆ వర్క్‌షాపులో పెట్టుబడిగా పెట్టింది బెర్తా పుట్టింటి డబ్బు. కార్ల్ బెంజ్ జంకుతున్నాడు, ఇంకా బాగుచేయాలంటున్నాడు. ఒకరోజు తెల్లవారకముందే బెర్తా ఇద్దరు కొడుకుల్నీ తీసుకుని, భర్తకి చెప్పకుండా, ఆ మూడు చక్రాల బండి మీద పుట్టింటికి బయల్దేరింది. మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైమాట. అంతదూరం అలాంటి బండి మీద అంతకుముందు ఎవరూ వెళ్ళలేదు. పెట్రోలు బంకులు ఎక్కడివి? వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో బట్టల మరకలు తీసే లిగ్రోయిన్ కొని పోసింది. పైపులో మురికి అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. కరెంటు వైరు రాసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. గట్టు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. దిగేటప్పుడు బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో దానికి తోలు కొట్టించింది. సాయంత్రం పుట్టింటికి చేరి భర్తకి టెలిగ్రాం ఇచ్చింది. తిరిగొచ్చాక గట్టు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని చెబితే, బెంజ్ ఆ గేరు పెట్టాడు.

అందరూ తినడం ఆపి విన్నారు. మేస్త్రి గారు, "బ్రేకుకి తోలు కొట్టించిందా? అదేనమ్మా లైనరు!" అన్నాడు. పని నేర్చుకుంటున్న పదిహేడేళ్ళ కుర్రాడు, "ఆవిడ మెకానిక్కా అక్కా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ కారుకి మొదటి రోడ్డు మెకానిక్కు ఆవిడే. డబ్బు పెట్టింది, నడిపింది, రిపేరు చేసింది, లోపం ఏమిటో వచ్చి చెప్పింది. అప్పటి చట్టం ప్రకారం పెళ్ళైన ఆడమనిషి కాబట్టి పేటెంటు మీద ఆవిడ పేరు లేదు. ఈ కంపెనీ చరిత్రలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించేది ఆవిడనే.

సాయంత్రం డీజిల్ పంపుల వీధిలో ఇంకో గంట గడిపాను. లారీలో డీజిల్ ఇంజను పెట్టడం బెంజ్ కంపెనీ 1923లోనే మొదలుపెట్టింది. అసలు ఇంజనుకి ముందు చిన్న గదిలో మంట అంటుకుని, అక్కడినుంచి పెద్ద గదిలోకి పాకే ఏర్పాటు అది. దడ తక్కువ, డీజిల్ కాస్త నాసిదైనా తట్టుకుంటుంది. 1936లో అదే డీజిలుని కారులో పెట్టి 260 డి అని అమ్మారు. టాక్సీవాళ్ళు ఎగబడి కొన్నారు. తర్వాత ఒక గ్రీకు టాక్సీ డ్రైవరు 1976 నాటి 240 డి కారుని 46 లక్షల కిలోమీటర్లు నడిపి 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. ఆ అంకె చెబితే పంపులు బాగుచేసే ఆయన నమ్మలేదు. ఎన్నిసార్లు ఇంజను మార్చాడని అడిగాడు. చాలాసార్లు మార్చాడు, ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి దించి బాగుచేసుకుంటూ నడిపాడు. "అలా చెప్పండి, అయితే నమ్ముతా" అన్నాడు.

ఆదివారం

షెడ్లు చాలావరకు మూత. బావ స్నేహితుడు కొత్త బెంజ్ కారు కొన్నాడు, ఇంద్రకీలాద్రి కింద పూజ. మేమూ వెళ్ళాం. కృష్ణ ఒడ్డున బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. స్కూటీలు, ఆటోలు, ఒక ట్రాక్టరు, వాటి మధ్య నల్లటి కారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్టు మీద నక్షత్రానికి పసుపు కుంకుమ. పూజారి గారు ఆటోకి ఏ మంత్రం చదివారో దీనికీ అదే చదివారు.

తిరిగొస్తూ ప్రకాశం బ్యారేజీ మీద నడిచాం. బావకి కూడా పాత సి-క్లాస్ ఒకటి కొనాలని ఉంది. "నీకు తెలుసుగా, చెప్పు. ఆ డబ్బుకి తగ్గ బండేనా, లేక పేరు కోసమేనా?" అన్నాడు.

ప్రాణం కాపాడే విషయంలో ఆ పేరు ఊరికే రాలేదని చెప్పాను. కారు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని అందరూ అనుకునే రోజుల్లో, బేలా బరేనీ అనే వాళ్ళ ఇంజనీరు దానికి ఎదురు చెప్పాడు. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా భాగాలు మాత్రం గుద్దినప్పుడు నలిగిపోవాలి, ఆ నలగడంలో దెబ్బ బలం ఖర్చయిపోవాలి. 1951లో దానికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. 1959లో వచ్చిన కార్లో అమలు చేశారు. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చేసే ఏబీఎస్‌ని బాష్ కంపెనీతో కలిసి 1978లో ఎస్-క్లాస్‌లో పెట్టారు. ఈరోజు మన మామూలు కార్లలో కూడా ఇవన్నీ ఉన్నాయి. నలిగే ముందుభాగం చూసి "రేకు బండి" అని వెక్కిరించేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

"మరి హిట్లరు తిరిగింది కూడా వీళ్ళ కార్లలోనేగా?" అన్నాడు బావ.

అవును. అది దాటవేసి ఈ కంపెనీ గురించి మాట్లాడటం నాకు నచ్చదు. నాజీ పెద్దలు వాడిన పెద్ద 770 కార్లు వీళ్ళవే. అంతకంటే ఘోరం, యుద్ధంలో విమాన ఇంజన్లూ లారీలూ చేయడానికి పెట్టిన కూలీలు. 1944లో కంపెనీలో పనిచేసిన 63,610 మందిలో సగానికి దగ్గరగా బలవంతంగా పట్టుకొచ్చిన పౌరులు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవాళ్ళు. కంపెనీ చరిత్రకారులతో ఇది బయటపెట్టించి, పరిహారం కట్టింది 1980ల చివర్లో. అప్పటికి వాళ్ళలో ఎందరో చనిపోయి ఉంటారు. ఆ నలభై ఏళ్ళ మౌనాన్ని ఏ డబ్బూ పూడ్చలేదు. చేతిపని వల్ల పేరొచ్చిన కంపెనీ, చేతులకి సంకెళ్ళు వేసి పని చేయించింది. గొప్ప ఇంజన్లు అని మనం అనే ప్రతిసారీ ఇది కూడా చెప్పుకోవాలి.

బావ ఇంకేం అడగలేదు. అత్తయ్య ఇంట్లో చేపల పులుసు వండింది.

సోమవారం, గుంటూరు

తెల్లవారుజామున మావయ్య చెప్పి కుదిర్చిన లారీలో గుంటూరు బయల్దేరాను. భారత్‌బెంజ్ బండి. డైమ్లర్ వాళ్ళు టాటాతో కలవకుండా, సొంతంగా చెన్నై దగ్గర ఒరగడంలో ఫ్యాక్టరీ పెట్టి 2012 నుంచి అమ్ముతున్న లారీలు ఇవి. డ్రైవరు చిలకలూరిపేట కుర్రాడు. "అక్కా, సీటు బెల్టు పెట్టుకో" అన్నది మొదటి మాట. వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు. తొట్టి ఖాళీగా ఉండటంతో బండి ఎగిరెగిరి పడుతోంది.

మాటల్లో వాళ్ళ ఓనరు గారి కథ వచ్చింది. ఆయన 2000ల మొదట్లో ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో ఒక బెంజ్ కారు కొని, తుప్పు, వైరింగు సమస్యలతో విసిగిపోయి అమ్మేశాడట. ఒక్కో రిపేరుకి నెల జీతమంత. "లారీలో అంత పేరున్న కంపెనీ, కార్లో అలా ఎందుకు చేసింది?" అని అడిగాడు.

ఆ కాలం కార్ల మీద ఆ ఫిర్యాదు ప్రపంచమంతా ఉంది. అంతకుముందు దాకా ఇంజనీర్లు ఎలా కావాలంటే అలా చేసి, ఖర్చెంతైతే అంత ధర పెట్టేవాళ్ళు. 1989లో జపాన్ నుంచి లెక్సస్ వచ్చింది. నాణ్యత అంతే, ధర తక్కువ. దాంతో వీళ్ళు ముందు ధర అనుకుని, అందులో సరిపోయేలా బండి చేయడం మొదలుపెట్టారు. 1997లో చిన్న కారు ఏ-క్లాస్‌ని స్వీడన్ పత్రికవాళ్ళు పరీక్షిస్తే, అడ్డొచ్చిన జంతువుని తప్పించినట్టు తిప్పగానే బోల్తా పడింది. మొదట కంపెనీ సమర్థించుకోవాలని చూసింది. తర్వాత అమ్మకం ఆపి, జారిపోకుండా పట్టే ఈఎస్‌పీ అన్ని బళ్ళకీ పెట్టింది. 1998లో అమెరికా క్రైస్లర్‌తో కలిసి, 2007లో విడిపోయింది. మధ్యలో 2005లో ఎలక్ట్రానిక్స్, బ్రేకుల లోపాలకి 13 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. మనదేశంలో కార్ల తయారీ 1995లో పుణెలో టాటా ప్లాంటులోనే మొదలైంది. అప్పుడు వచ్చిన మొదటి మోడలు మాత్రం పాత పద్ధతిలో గట్టిగా చేసింది. అది ఉన్నవాళ్ళు ఇప్పటికీ వదలరు. తర్వాతి పదేళ్ళలో పేరు దెబ్బతింది. దాన్ని మళ్ళీ నిలబెట్టుకోవడానికి వాళ్ళకి చాలాకాలం పట్టింది.

డ్రైవరు శ్రద్ధగా విన్నాడు. "అంటే మేస్త్రిని వెనక్కి పెట్టి గుమాస్తాని ముందు కూర్చోబెట్టారన్నమాట" అన్నాడు. నేను అరపేజీ రాసినదాన్ని ఒక్క ముక్కలో చెప్పాడు.

మిర్చి యార్డు గేటు దగ్గరికి వచ్చేసరికే ఘాటు. కళ్ళు, ముక్కు మండిపోతున్నాయి. డ్రైవరు ఇచ్చిన తువ్వాలు తడిపి మూతికి కట్టుకున్నాను. మార్చి నెల, రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం, ఎటు చూసినా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. తేజ, 334, 341 రకాలు, అన్నీ ఎర్రగా. హమాలీలు ఒక్కో టిక్కీని కొక్కెంతో లాగి, వీపున వేసుకుని, పలక మీదుగా తొట్టిలోకి ఎక్కిస్తున్నారు. లోడు ఎత్తు ఒకవైపు ఒరగకుండా డ్రైవరు కింద నిలబడి చెబుతున్నాడు. పాత బెంజి కాలంలో కూడా ఇలాగే ఎక్కించేవాళ్ళమని, పైన రెండు వరసలు ఎక్కువ వేసి తాడు బిగించేవాళ్ళమని ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన ఆ లారీల మీద కటక్ దాకా, కలకత్తా దాకా వెళ్ళొచ్చినవాడు. ఘాట్‌లో బ్రేకు పట్టకపోతే క్లీనరు చెక్క దిమ్మ పట్టుకుని దూకి చక్రం కింద పెట్టేవాడట. మావయ్య ఎడమ కాలి మీద మచ్చ ఆ దిమ్మదేనని నాకు చిన్నప్పుడు అమ్మ చెప్పింది.

టార్పాలిన్ కప్పుతుండగా డ్రైవరు అడిగాడు. "అక్కా, ఇంతకీ ఈ లారీకీ ఆ కార్లకీ కంపెనీ ఒకటేనా?"

ఇప్పుడు కాదని చెప్పాను. 2021 డిసెంబరులో లారీల వ్యాపారం విడిపోయి డైమ్లర్ ట్రక్ అనే వేరే కంపెనీ అయింది. 2022 ఫిబ్రవరిలో కార్ల కంపెనీ మెర్సిడెస్ బెంజ్ గ్రూప్ అని పేరు మార్చుకుంది.

"అయితే పేరు కార్లవాళ్ళు పట్టుకెళ్ళిపోయారా? లోడు మోసి పేరు తెచ్చింది మా బళ్ళు కదక్కా!"

ఇక్కడ మాత్రం అది నిజమన్నాను. అతను తాడు ఇంకోసారి లాగి చూసుకుని, బిల్టీ (సరుకు రసీదు) జేబులో పెట్టుకుని క్యాబిన్ ఎక్కాడు. నాగపూర్ లోడు అది, రాత్రికి ఖమ్మం దాటాలట.